వంతు నీళ్ళ వెంట శివారుదాకా

ధవళేశ్వరం నుంచి మా పుట్టింటి చేనుకి వంద కిలోమీటర్లు కూడా ఉండదు. రాజమండ్రిలో పొద్దున టిఫిన్ చేసి బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి నరసాపురంలో ఉండొచ్చు. నాకు నాలుగు రోజులు పట్టింది. ఎందుకంటే నేను బస్సుతో కాదు, నీళ్ళతో వెళ్ళాను. కాశీకీ కేదారానికీ వెళ్ళొచ్చినవాళ్ళు మా కాలనీలో చాలామంది ఉన్నారు. కాలువ వెంట వెళ్ళొచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అందుకని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెబుతున్నాను.

రామచంద్రపురంలో ముప్ఫై రెండేళ్ళు సాంఘికశాస్త్రం చెప్పి నిరుడు రిటైరయ్యాను. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలుతుందని, ఒకటి గౌతమి, ఒకటి వసిష్ఠ, వసిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ అని ఎంతమంది పిల్లల చేత వల్లె వేయించానో లెక్కలేదు. బోర్డు మీద ఆ గీతలు కళ్ళు మూసుకుని గీయగలను. ఆ గీతల్లో నీళ్ళు ఎప్పుడు ఉంటాయో, ఎప్పుడు ఉండవో మాత్రం ఏ పిల్లాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

నన్ను పంపింది మా వదిన సత్యవతి. ఆవిడ నరసాపురానికి దిగువన, సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఉంటుంది. అన్నయ్య పోయి మూడేళ్ళు. మూడెకరాల చేను, అందులో ఎకరం నాన్న నాకు పసుపు కుంకుమ కింద రాసిచ్చాడు. చుట్టూ ఉన్న చేలు చాలామటుకు రొయ్యల చెరువులయ్యాయి. మాదీ ఇమ్మని ఒకాయన రెండేళ్ళుగా కాగితాలు పట్టుకుని తిరుగుతున్నాడు. వాటి మీద వదిన సంతకమూ కావాలి, నాదీ కావాలి.

మార్చి మొదటివారంలో వదిన ఫోన్ చేసింది. దాళ్వా చేను, అంటే రెండో పంట వరి, పాలు పోసుకుంటోందని, ఇంకొక్క తడి పడితే గట్టెక్కుతుందని చెప్పింది.

"ఒంటిచేత్తో నావల్ల కావట్లేదమ్మా భారతీ. ఈ తడికి నీళ్ళొస్తే ఉంచుదాం. రాకపోతే ఇద్దరం సంతకాలు పెట్టేసి వదిలేద్దాం. నువ్వు మాత్రం ఒక్కసారి కాపలాకి వెళ్ళు."

కాపలా అంటే ఏమిటో మా రామచంద్రపురంలో చాలామందికి తెలియదు, కాబట్టి చెప్పాలి. వేసంగి ముదిరి నదిలో నీరు తగ్గాక కాలువలకి వంతులు వేస్తారు. ఎగువవాళ్ళ వంతు అయిపోగానే వాళ్ళు తమ తూములు దించి మూసేసి నీళ్ళు కిందికి వదలాలి. వదలాలి అన్నది రూలు. ఆ రూలు మీద నమ్మకం లేనివాళ్ళు కాలువ చివరన ఉండే శివారు రైతులు. అందుకని ఊరి తరఫున ఒకరిద్దరు పైకి వెళ్ళి, తమ వంతు నీళ్ళని దారిలో ఎవరూ మళ్ళించకుండా గట్టు వెంట ఉండి, పెళ్ళికూతుర్ని అత్తారింట్లో దిగబెట్టినట్టు చేను దాకా తెచ్చుకుంటారు. అన్నయ్య ఉన్నన్నాళ్ళూ తనే వెళ్ళేవాడు. ఇప్పుడు మా బోదె కింద, అంటే మా పంట కాలువ కింద, వరి వేసేది మేమూ ఇంకో ఇద్దరు ముసలివాళ్ళూ. వెళ్ళగలిగిన కాళ్ళు నావే. వెళ్ళి తీరాలనుకున్నాను.

ధవళేశ్వరం: నదికి రెండు ముఖాలు

మొదటిరోజు పొద్దున బ్యారేజీ మీద ఆటో ఆపించి దిగాను. ఎగువన గోదావరి గట్ల నిండా నింపాదిగా ఉంది. తల తిప్పి దిగువకి చూస్తే కనుచూపు మేరా ఇసుక. మధ్యలో రెండు మూడు చోట్ల నీళ్ళు పాయలు పాయలుగా, ఎవరో మరిచిపోయి వదిలేసినట్టు పడున్నాయి. ఆగస్టులో ఇదే చోట ఎర్రనీరు గేట్ల కింద నుంచి విరుచుకుపడుతుంటే చూడ్డానికి పిల్లల్ని బస్సులో తీసుకొచ్చేవాళ్ళం. మార్చిలో ఎప్పుడూ తీసుకురాలేదు. సగం పాఠమే చెప్పానని అప్పుడు అనిపించి కొంచెం సిగ్గేసింది.

లంక నుంచి వంకాయల బుట్టతో వచ్చిన ఒకావిడ బ్యారేజీ చివర కూర్చుని అమ్ముతోంది. కేజీ ఇరవై. మా ఊళ్ళో అవే నలభై. ఆ ఇసుక మధ్య ఉన్న మెట్టలోనే పండించిందట. మరి వరదొస్తే ఎలా అని అడిగాను.

"ఆగస్టులో గోదారమ్మ తీసేసుకుంటదండి. దీపాల పండక్కి మళ్ళీ ఇచ్చేత్తది. ఒక్కో ఏడు ఎక్కువిత్తది, ఒక్కో ఏడు తక్కువిత్తది. గట్టు ఎక్కడున్నా ఎతుక్కుని దున్నుకోవాలండి."

ఇప్పుడు ఈ కాలువల్లో పారేది చాలావరకు పైన సీలేరులో కరెంటు తీశాక వదిలిన నీళ్ళని కూడా ఆవిడే చెప్పింది. నేను ఎనిమిదో తరగతికి జలవిద్యుత్తు వేరే పాఠంగా, సేద్యం వేరే పాఠంగా చెప్పాను. రెండు కేజీల వంకాయలు కొన్నాను. నాలుగు రోజులు వాటిని మోయాల్సి వస్తుందని కొన్నాక గుర్తొచ్చింది.

కాకరపర్రు: పుల్లా గుడ్డపీలికా

బ్యారేజీ దాటితే విజ్జేశ్వరం. పడమటి డెల్టా కాలువ తల అక్కడే. అక్కణ్ణుంచి కాలువ పక్కనే షేర్ ఆటోలు మారుతూ కాకరపర్రు లాకులకి చేరాను. కాలువ చీలే చోటది. మా శివారు వంతు మరుసటి రోజు పొద్దున మొదలవుతుందని, ఏసురత్నం అనే లస్కరుని కలవమని వదిన చెప్పింది. లస్కరంటే లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించే మనిషి. అరవైకి దగ్గరపడ్డవాడు, మెడలో చిన్న సిలువ, చేతిలో ఎప్పుడూ ఫోను. అన్నయ్య పేరు చెప్పగానే లేచి నిలబడ్డాడు.

రెండోరోజు పొద్దున ఆయన షట్టరు తిప్పాడు. నేను కాలువ గట్టున నిలబడి నీళ్ళు దూసుకుపోతాయని చూస్తున్నాను. అవి కాస్త ముందుకెళ్ళి ఆగాయి. నెర్రెలిచ్చిన మట్టిలోకి బుడబుడమని దిగిపోయాయి. కాసేపటికి ఇంకొంచెం జరిగాయి.

"నీళ్ళు మనలాగా నడవవండి టీచరుగారూ. ఎండిన కాలవలో దిగాయంటే ముందు కాలవకి తాపాలి. అది చాలన్నాకే కదుల్తాయి. మీరు కంగారుపడి ముందుకెళ్ళిపోకండి."

కాపలా పని ఎలా చెయ్యాలో ఆయనే నేర్పించాడు. తూముకి కిందుగా కాలువ అంచున ఒక పుల్ల గుచ్చాలి. నీటి మట్టం ఎంత ఉందో చూసి సరిగ్గా అక్కడ ఒక గుడ్డపీలిక కట్టాలి. తర్వాత వచ్చి చూస్తే పీలిక తడిసి ఉండాలి. ఎండి గాల్లో ఆడుతుంటే పైన ఎవరో తూము ఎత్తారన్నమాట. నా పాత చీర అంచు ఒకటి చింపి పదిహేను పీలికలు చేసుకున్నాను. రాత్రిళ్ళు నేను గట్టు మీద ఉండలేను కాబట్టి దిగువ లస్కర్లందరికీ ఏసురత్నమే ఫోన్లు చేశాడు. టీ డబ్బులిస్తే తీసుకోలేదు, వంకాయలు మాత్రం కేజీ తీసుకున్నాడు.

ఆ రోజంతా పీలికలు కడుతూ, చూస్తూ, మళ్ళీ నడుస్తూ పెనుగొండ వైపు సాగాను. ఒక్క పీలికా ఎండలేదు. సాయంత్రానికి కాళ్ళు బొబ్బలెక్కాయి గానీ, ఇంత తేలికైన పనికి వదిన అంత భయపడిందేమిటా అనుకున్నాను.

పేరు రాయని ఊరు

మూడోరోజు జరిగింది రాయకపోతే ఈ ప్రయాణం రాయడం దండగ. కానీ ఊరి పేరు రాయను. ఆ ఇంటి ఉప్పు తిన్నాను.

పదకొండున్నరకి ఒక పెద్ద తూము దగ్గర గట్టు మీద కూర్చున్నాను. ఎండ మాడుస్తోంది. తూము దించే ఉంది, పీలిక తడిసే ఉంది. ఎదురుగా అరుగున్న ఇంట్లోంచి తెల్లటి పంచెలో ఒక పెద్దాయన వచ్చాడు. ఏ ఊరు, ఎవరి తాలూకు, గట్టు మీద ఎందుకున్నారు అన్నీ అడిగాడు. అన్నీ చెప్పాను. ఆయన చాలా నొచ్చుకున్నాడు.

"ఇంత ఎండలో ఆడమనిషి మా గుమ్మం ముందు కూర్చుంటే మాకు ముద్ద ఎలా దిగుతుందండి? రెండు మెతుకులు తిని వెళ్ళండి. కాలవ ఎక్కడికీ పోదు కదండి."

వద్దన్నాను. మళ్ళీ అన్నాడు. మూడోసారికి కూడా వద్దంటే బాగుండదని మా జిల్లాల్లో పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. లోపల వసారాలో నీలం కుర్చీలు, గోడకి పాత కేలెండర్లు, నేల మీద అరిటాకు. ఆయన భార్య వడ్డించింది. మామిడికాయ పప్పు, గుమ్మడి వడియాలు, ఆ తర్వాత ఆవ పెట్టిన పనసపొట్టు కూర. పొట్టు ఇంట్లోనే కొట్టిందట. వేళ్ళకి పట్టిన ఆవఘాటు ఇప్పటికీ గుర్తుంది. ఇక లేద్దామనుకునేసరికి చారు వచ్చింది. చారు అవ్వగానే లేద్దామనుకుంటే గడ్డపెరుగు. పెరుగన్నం తినకుండా ఆకు ముందునుంచి లేచిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు, నేనూ కాలేకపోయాను. చెయ్యి కడుక్కున్నాక అరటిపండు. అప్పటికి రెండు దాటింది. పెద్దాయన ఎప్పుడు లేచి వెళ్ళాడో గమనించనే లేదు.

గట్టు ఎక్కి చూద్దును కదా, పీలిక గాల్లో ఆడుతోంది. నీళ్ళు దానికి జానెడు కిందికి దిగిపోయాయి. తూము పూర్తిగా ఎత్తి ఉంది. మా నీళ్ళన్నీ వాళ్ళ బోదెలోకి తిరిగి పరుగెత్తుతున్నాయి. పెద్దాయన అక్కడే తువ్వాలు తలకి చుట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూసి తడబడలేదు.

"మీ వంతేనండి, కాదన్ను. మా చేను కూడా ఆ చివర ఎండుతోంది. మీరు భోంచేసేలోపు నాలుగు మళ్ళు తడుపుకుందామనుకున్నాను. ముందే చెబితే మీకు అన్నం సయించదని చెప్పలేదు."

దొంగతనంలో కూడా ఇంత మర్యాద ఏమిటో. తూము దించండి అన్నాను. ఇదిగో, ఇంకొక్క మడి అన్నాడు. తూము షట్టరు తిప్పే దిమ్మ ఉంటుంది కదా, వెళ్ళి దాని మీద ఎండలో కూర్చున్నాను. నీడలోకి రమ్మన్నాడు. రానన్నాను. గొడుగు తెప్పించాడు. వద్దన్నాను. మజ్జిగ తెప్పించాడు. ముట్టుకోలేదు. ఒకసారి మోసపోయాను, ఇక గ్లాసు నీళ్ళు కూడా ఆయన చేత్తో తాగకూడదని పంతం పట్టాను. సిమెంటు కాలిపోతోంది, చీర కొంగు తల మీద కప్పుకుని అలాగే కూర్చున్నాను.

కూర్చున్నాక మాత్రం ఒక సంగతి గుర్తొచ్చి కోపం సగం నామీదికే మళ్ళింది. మా అత్తవారిది తూర్పు డెల్టాలో ఎగువ చేను. మా వీధి చివర తూము ఎత్తుతున్న చప్పుడు ఎన్ని వేసంగుల్లో విన్నానో. మామగారు తడి కాళ్ళతో ఇంటికొచ్చేవారు. అది ఎవరి వంతో నేనెప్పుడూ అడగలేదు. ఆ నీళ్ళ కోసం కింద ఎక్కడో ఎవరో ఎదురుచూస్తుంటారని నాకు తోచనే లేదు, నేను పాఠాలు చెప్పే టీచర్ని.

చివరికి తూము దింపించింది ఆయన భార్య. గరిటె చేతిలో పట్టుకునే బయటికి వచ్చింది.

"మనింట్లో అన్నం తిన్న మనిషిని ఎండలో కూర్చోబెడతారా? ముందు అది దించండి. తర్వాత మీ చేను సంగతి చూద్దాం."

పెద్దాయన మారుమాట్లాడకుండా తూము దించాడు. టైము మూడైంది. అన్నీ కలిపి మూడు గంటల నీళ్ళు పోయాయి. వెళ్ళొస్తానని చెబితే ఆవిడ గుమ్మందాకా వచ్చి బొట్టు పెట్టింది. నా దగ్గర మిగిలిన కేజీ వంకాయలు ఆవిడ చేతిలో పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు.

నరసాపురం దిగువన: పోటూ పాటూ

మిగతా దారి దిగువ లస్కర్లకి ఒప్పజెప్పి ఆ రాత్రికి వదిన ఇంటికి చేరాను. ఆవిడ లేసు అల్లుతూ వాకిట్లో కూర్చుని ఉంది. ఆ ప్రాంతంలో ఆడవాళ్ళ చేతిలో లేసు సూది లేకుండా చూడటం కష్టం. వదిన దిగులుగా ఉంటే ఇంకా తొందరగా అల్లుతుంది. నీళ్ళు వస్తున్నాయని మాత్రం చెప్పాను. ఆలస్యం సంగతి నోట రాలేదు.

మా ఊళ్ళో పొద్దున్నే ఒకరినొకరు కాఫీ తాగారా అని పలకరించుకుంటారు. అక్కడ పోటెప్పుడు అని అడుగుతారు. నాలుగో రోజు గాని ఆ తేడా నాకు అర్థం కాలేదు. వసిష్ఠలో నది నీరు తగ్గేకొద్దీ సముద్రం లోపలికి తోసుకొస్తుంది. రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. పోటుకి ఉప్పునీరు నదిలోంచి మురుగు కాలువల్లోకి, అక్కణ్ణుంచి మా బోదె చివరిదాకా ఎక్కుతుంది. పాటుకి వెనక్కి పోతుంది. ఆగస్టు వరదలో ఈ బాధ ఉండదు, నదే సముద్రాన్ని బయటికి నెట్టేస్తుంది. నేను బోర్డు మీద గీసిన గీతల్లో నీళ్ళు ఒక్కవైపే పారేవి. ఇక్కడ రెండు వైపులా పారుతున్నాయి.

మా బోదెకి వంతు ఆ ఒక్క పగలే. పొద్దున ఆరుకి రావాల్సిన నీళ్ళు తొమ్మిదికి వచ్చాయి. ముందు చెత్త, ఎండుటాకులు, వాటి వెనకాల సన్నగా గోధుమరంగు నీళ్ళు. వదిన చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి బోదెలోకి దిగింది. దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకుని పుక్కిలించింది. ఉమ్మేసి, ఇంకోసారి తీసుకుంది. అక్కడ చేలోకి నీళ్ళు పెట్టే ముందు అందరూ చేసే పనే అది. మా వైపు ఎవరైనా కాలువ నీళ్ళు రుచి చూస్తే పిచ్చనుకుంటాం.

"తీపే," అంది. గండి కొట్టింది.

ఎగువ మళ్ళు మూడూ ఒకదాని తర్వాత ఒకటి తడిశాయి. నెర్రెల్లోంచి గాలి బుడగలు పైకొస్తుంటే ఇద్దరం గట్టు మీద కూర్చుని చూశాం. ఇంత సంతోషం నాకు ఏ యాత్రలోనూ దొరకలేదు. అలా పన్నెండు దాటింది. దిగువ మళ్ళు బోదె చివర, మురుగు కాలువ పక్కన ఉంటాయి. అక్కడికి వెళ్ళి వదిన మళ్ళీ దోసిలి ముంచింది. ఈసారి వెంటనే ఉమ్మేసింది. పోటు వచ్చేసింది. గండి పూడ్చేసి, పారతో మట్టి తట్టింది. పాటు మొదలయ్యేసరికి సాయంత్రం ఆరు, మా వంతు అయిపోయింది. ఎకరన్నర తడిసింది. ఎకరన్నర బీటలతో అలాగే ఉంది.

వదిన చేతులు కడుక్కుని గట్టెక్కి కూర్చుంది. రొయ్యల చెరువాయన మోటారుసైకిలు దూరంగా రోడ్డు మీద ఆగి ఉంది, సంచిలో కాగితాలు ఉండే ఉంటాయి. ఇంక దాచడం నావల్ల కాలేదు. నీళ్ళు మూడు గంటలు ఆలస్యం కావడానికి కారణం నేనేనని, ఆరుకే వస్తే పోటు లోపు మొత్తం తడిసేదని, నేను కాపలా వదిలి భోజనానికి కూర్చున్నానని ఏడుస్తూ చెప్పాను. అరవై దాటినదాన్ని, అలా ఏడవడం నాకే వింతగా ఉంది.

వదిన నా వైపు తిరిగింది.

"ఏం పెట్టారేంటి?"

"పనసపొట్టు కూర."

"ఆవ పెట్టా?"

తలూపాను.

"వసారాలో నీలం కుర్చీలుంటాయా?"

ఉన్నాయన్నాను. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది. మా పెళ్ళయిన రెండో ఏడు మీ అన్నయ్యా అక్కడే చిక్కాడంది. ఆ ఏడు తడి అసలు అందనే లేదట. ఆకు ముందునుంచి ఎలా లేస్తాం సత్యం అని ఇంటికొచ్చి అన్నయ్య కూడా ఇలాగే కూర్చున్నాడట. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని, రోడ్డు మీది మనిషి వైపు ఒకసారి చూసింది.

"నీళ్ళు రాకపోతే వదిలేద్దామన్నాను. నీళ్ళు వచ్చాయి. ఆలస్యం నీళ్ళది కాదు, నీది. దానికి చేనునెందుకు వదులుకోవాలి?"

ఆయన్ని ఇంటిదాకా రానిచ్చి, టీ ఇచ్చి, ఈ ఏడు కాదని మర్యాదగానే చెప్పి పంపింది. కాగితాలు సంచిలోంచి బయటికి రాలేదు.

మర్నాడు నేను బయల్దేరుతుంటే అటక మీది నుంచి ఒక మూడు గిన్నెల స్టీలు కేరేజీ దించింది. మూత మీద అన్నయ్య పేరు చెక్కి ఉంది. ఆ పనసపొట్టు కూర తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళూ అన్నయ్య అది లేకుండా కాపలాకి వెళ్ళలేదట. ఎవరైనా భోజనానికి పిలిస్తే మూత తీసి చూపించేవాడట. వదిన దాన్ని చింతపండుతో తోమి, తుడిచి, నా సంచిలో పెట్టింది.

కేరేజీ ఇప్పుడు మా వంటింటి అలమరలో ఉంది. వచ్చే మార్చిదాకా దాన్ని ఎవరూ దేనికీ వాడొద్దని ఇంట్లో చెప్పాను.